వన్‌టౌన్‌లో తాతగారి మిద్దె ఇల్లు: బాగుచేయించాలంటే ఎవరిని పట్టుకోవాలి, ఏ పని ముందు చేయించాలి

కురుపాం మార్కెట్ దగ్గరి సందులో 1930ల నాటి మీ తాతగారి ఇల్లు మీ వాటాకు వచ్చిందని, ముందు భాగం మిద్దె, వెనుక వసారా పెంకులదని, రెండు గదుల్లో కప్పు కారుతోందని, గోడల అడుగు భాగంలో పూత పిండిలా రాలుతోందని మీరు రాశారు. చూడటానికి వచ్చిన ఇద్దరు కాంట్రాక్టర్లూ పడగొట్టి కొత్తది కట్టుకోమన్నారని, మీకు అది ఇష్టం లేదని, అయితే ఇలాంటి ఇంటికి సహాయం చేసేవారు విశాఖలో ఎక్కడ దొరుకుతారో తెలియడం లేదని అడిగారు.

నేను సివిల్ ఇంజనీరుగా ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. ఉద్యోగంలో నేను కట్టించినవన్నీ కాంక్రీటు కట్టడాలే కాబట్టి, పాత ఇళ్ల సంగతి నాకు చదువు వల్ల గానీ ఉద్యోగం వల్ల గానీ రాలేదు. భీమిలిలో మా నాన్నగారి ఇంటిని మొదట నా చేతులతో నేనే పాడుచేసి, తర్వాత నాలుగేళ్లపాటు కొంచెం కొంచెంగా బాగుచేయించుకుంటూ నేర్చుకున్నాను. ఆ తర్వాత బంధువులవీ, తెలిసినవారివీ మరికొన్ని ఇళ్లు దగ్గరుండి చూశాను. ఆ అనుభవంతోనే ఈ సమాధానం రాస్తున్నాను.

ముందుగా ఆ ఇద్దరు కాంట్రాక్టర్ల మాటను తీసుకుందాం. వారు మిమ్మల్ని మోసం చేయాలని అన్నారని నేను అనుకోను. సిమెంటు, ఇనుము, కాంక్రీటు తప్ప మరొకటి తెలియని మనిషికి సున్నంతో కట్టిన ఇల్లు చూపిస్తే అతనికి కనిపించేది బలహీనతే. కప్పు కారడం, పూత రాలడం అనే రెండు లక్షణాలను బట్టి ఇల్లు పోయిందని చెప్పడం మాత్రం సరైన పరీక్ష కాదు. కాబట్టి మీరు మొదట వెతకవలసింది పని చేసే మనిషిని కాదు, రోగం చెప్పగల మనిషిని. ఆ రెండూ ఒకరికే అప్పగిస్తే, అతనికి ఏ పని చేతనౌనో ఆ రోగమే మీ ఇంటికి ఉందని చెబుతాడు.

నేను చేసిన పొరపాటు ఇక్కడ చెప్పడం అవసరం, ఎందుకంటే మీ గోడలకు కూడా అదే చేయమని తప్పకుండా ఎవరో ఒకరు సలహా ఇస్తారు. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపానులో మా ఇంటి పెంకులు సగం ఎగిరిపోయి, గోడలు రోజుల తరబడి తడిశాయి. అడుగున పూత ఉబ్బి రాలడం మొదలయ్యేసరికి, నేను నాకు తెలిసిన పద్ధతిలోనే నడుము ఎత్తు వరకూ చెక్కించి, మంచి సిమెంటుతో గట్టి పూత పూయించి, దానిమీద ఖరీదైన ప్లాస్టిక్ ఎమల్షన్ రంగు వేయించాను. ఏడాది పాటు గోడలు అద్దంలా ఉన్నాయి. రెండో వర్షాకాలం దాటేసరికి చెమ్మ ఆ సిమెంటు అంచు దాటి పైకి వచ్చి, అంతకుముందు ఎన్నడూ చెమ్మ ఎరుగని చోట, అంటే నా భుజం ఎత్తులో, పాత సున్నపు పూతను రాల్చడం మొదలుపెట్టింది. సిమెంటు పూతను తీయించినప్పుడు దాని వెనుక ఇటుకలు వేలితో గీకితే పొడి అయ్యే స్థితిలో ఉన్నాయి.

దీనికి కారణం ఉప్పు. సముద్రపు గాలి వల్ల, నేలలోని చెమ్మ వల్ల మన గోడల్లో ఉప్పు చేరుతుంది. మామూలు ఉప్పు గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే నీరు పీల్చుకుని కరుగుతుంది, అంతకు తగ్గితే మళ్లీ పలుకులు కడుతుంది. విశాఖ గాలిలోని తేమ ఏడాదిలో చాలా రోజులు ఆ గీతకు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది కాబట్టి, గోడలోని ఉప్పు కరగడం, గడ్డకట్టడం, మళ్లీ కరగడం మానదు. గడ్డకట్టిన ప్రతిసారీ అది ఇటుక సందుల్లో వ్యాకోచించి ఒక పొరను రాలుస్తుంది. సున్నపు పూత ఉన్నంతకాలం చెమ్మ ఆ పూతలోంచి బయటికి ఆరిపోయి, ఉప్పు పూతలోనే గడ్డకట్టి, రాలేది పూతే అవుతుంది. సిమెంటుతో దారి మూసేస్తే రాలేది ఇటుక. అంటే మీ గోడల అడుగున సున్నపు పూత పిండిలా రాలుతోందంటే, అది చేయవలసిన పని చేస్తోందని అర్థం. ఇటుకకు బదులు తాను పోతోంది. పదేళ్లకో పదిహేనేళ్లకో ఆ నడుము ఎత్తు పూత మార్చుకోవడమే పాత ఇళ్ల పద్ధతి, అదేమీ పెద్ద ఖర్చు కాదు.

ఇక రోగం చెప్పేవారి విషయం. విశాఖలో ఇంజనీర్లకు కొదవ లేదు గానీ, పాత కట్టడం చూసినవారు తక్కువ. నిర్మాణ ఇంజనీరును ఎంచుకునేటప్పుడు నేను ఒకే ఒక ప్రశ్న అడుగుతాను: మద్రాసు టెర్రసు కప్పును, అంటే కలప దూలాల మీద ఇటుకలు, సున్నంతో వేసిన పాత మిద్దె కప్పును, ఎప్పుడైనా విప్పి చూశారా, చూస్తే దూలాల కొనలు ఎలా ఉన్నాయి? చూసినవారైతే వెంటనే ఏదో ఒక ఇంటి కథ చెబుతారు. చూడనివారు స్లాబు గురించి మాట్లాడతారు. ఇంటికి వచ్చి చూసి రాతపూర్వకంగా నివేదిక ఇచ్చినందుకు ఫీజు చెల్లించండి, ఆ ఇంజనీరుకే పని కాంట్రాక్టు ఇవ్వనని ముందే చెప్పండి. అప్పుడు ఆయన మాటకు విలువ ఉంటుంది.

ఇంటాక్ అని పిలిచే భారతీయ కళా సాంస్కృతిక వారసత్వ సంస్థ 1984లో ఏర్పడింది. దానికి విశాఖపట్నంలో శాఖ ఉంది. పాత నగరంలో వారసత్వ నడకలు నిర్వహించేది, కట్టడాల జాబితాలు తయారుచేసేది ఎక్కువగా ఇలాంటి సభ్యులే. వారినుంచి డబ్బు వస్తుందని మాత్రం ఆశించకండి, వారు చాలావరకూ స్వచ్ఛందంగా పనిచేసేవారు. అయినా ఎవరి ఇంటికి ఏ మేస్త్రీ సున్నం పని చేశాడు, ఏ ఆర్కిటెక్టుకు ఈ పనిమీద నిజమైన ఆసక్తి ఉంది అనే సమాచారం వారిదగ్గర దొరికినంతగా మరోచోట దొరకదు. ఒక ఆదివారం వారి నడకకు వెళ్లి, చివర నిలబడి నలుగురితో మాట్లాడితే పదిరోజుల వెతుకులాట తప్పుతుంది.

రెండోది ఆర్కిటెక్చర్ కళాశాలలు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆర్కిటెక్చర్ విభాగం ఉంది, గీతంలోనూ ఉంది, విజయవాడలో 2008లో మొదలైన కేంద్ర ప్రభుత్వ ప్రణాళికా, వాస్తుశిల్ప పాఠశాల ఉంది. పాత కట్టడాన్ని అంగుళం అంగుళం కొలిచి బొమ్మలు గీయడం విద్యార్థుల చదువులో భాగం. మీ ఇంటిని కొలవడానికి అనుమతిస్తామని విభాగాధిపతికి ఉత్తరం రాస్తే, ఒప్పుకునే అవకాశం బాగానే ఉంది. నాకు తెలిసిన ఒక ఇంటికి ఇలాగే ఆరుగురు పిల్లలు వచ్చి, వారం రోజులు ఉండి, ప్లాను, నిలువుకోతలు, ప్రతి తలుపు చెక్కడంతో సహా గీసి ఇచ్చారు. ఆ ఇంటివారు భోజనాలు పెట్టారు, అంతే. అలాంటి బొమ్మలు చేతిలో ఉంటే మేస్త్రీతో బేరం, ఇంజనీరు లెక్క, అన్నదమ్ముల మధ్య వాటాల మాట, అన్నీ సులువవుతాయి. అయితే విద్యార్థుల బొమ్మలను కొలతలకు నమ్మండి, బలం విషయంలో మాత్రం నమ్మకండి. డబ్బిచ్చి ఆర్కిటెక్టును పెట్టుకుంటే మాత్రం, 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం కింద నమోదైనవారో కాదో చూసుకోండి.

దూరాన ఉన్న సంస్థల్లో రెండింటిని చెబుతాను. కేరళలో త్రిశూరు కేంద్రంగా 1985లో మొదలైన కాస్ట్‌ఫోర్డ్, ఆర్కిటెక్టు లారీ బేకర్ పద్ధతుల్లో సున్నం, మట్టి, ఇటుక పనులు చేస్తుంది. పుదుచ్చేరి దగ్గర ఆరోవిల్‌లో 1989 నుంచి ఉన్న ఎర్త్ ఇన్‌స్టిట్యూట్ శిక్షణ తరగతులు నడుపుతుంది. అక్కడినుంచి మనుషులను రప్పించుకోమని నేను అనను, ప్రయాణం, బస ఖర్చులకే మీ డబ్బు అయిపోతుంది. ఒక యువ మేస్త్రీ మీకు నమ్మకంగా దొరికితే అతన్ని అలాంటి చోటికి పంపడం మాత్రం మంచి పెట్టుబడి. చెన్నై వెళ్లినప్పుడు ముట్టుకాడు దగ్గరి దక్షిణచిత్ర చూసి రండి. అది 1996లో తెరిచారు, దక్షిణాది పాత ఇళ్లను విప్పి తెచ్చి అక్కడ తిరిగి నిలబెట్టారు. మన కోస్తా చుట్టిల్లు కూడా అక్కడ ఉంది. విప్పిన ఇంటిని మళ్లీ కట్టవచ్చని కళ్లారా చూస్తే, మీ ఇంటి రెండు గదుల కప్పు అంత భయపెట్టదు.

ఇప్పుడు మీ ఇంటి కప్పు. మీరు వివరించిన దాన్నిబట్టి అది మద్రాసు టెర్రసే: దగ్గర దగ్గరగా కలప దూలాలు, వాటిమీద ఏటవాలు వరుసల్లో అంచుమీద నిలబెట్టిన సన్నటి ఇటుకలు, వాటిపైన సున్నంలో కలిపిన ఇటుక ముక్కల పొర, దాన్ని కరక్కాయ, బెల్లం నీళ్లు చల్లుతూ కొయ్య బడితలతో రోజుల తరబడి కొట్టి గట్టిపరచిన గచ్చు, అన్నిటికీ పైన పలుచటి పలక పెంకులు. ఇలాంటి కప్పు మొత్తంగా కారడం అరుదు. కారేది సాధారణంగా మూడు చోట్ల: పిట్టగోడ కప్పును కలిసే మూలలో, నీరు బయటికిపోయే తూముల చుట్టూ, పలక పెంకుల సందుల్లో. మీ మిద్దె ఎక్కి ముందు తూములు చూడండి. వాటిలో మట్టి, ఆకులు, పావురాల గూళ్లు ఉంటే, మీ కారుడు రోగంలో సగం అదే. పిట్టగోడలో రావి మొక్క మొలిచి ఉంటే లాగకండి. లాగితే గోడ దానితో వస్తుంది. మొదలంటా కోసి, కోసిన వెంటనే ఆ మోడుకు కలుపుమందు పూసి, వేరు చచ్చిన తర్వాత తీయించి, ఆ బీటను సున్నంతో నింపాలి.

కప్పు మీద కాంక్రీటు పొర వేయిస్తే కారడం ఆగిపోతుందని మీకు చెప్పి ఉంటారు. రెండు అంగుళాల కాంక్రీటు ఒక చదరపు మీటరుకు సుమారు 120 కిలోలు తూగుతుంది. పది అడుగులకు పన్నెండు అడుగుల గది అయితే 1,300 కిలోలకు పైగా. తొంభై ఏళ్ల దూలాల మీద ఆ బరువు పెట్టడమే కాకుండా, లోపల ఉన్న తడి పైకి ఆరే దారి కూడా మూసేస్తారు. తడి అప్పుడు కిందికి దిగి, గోడలో దూరి ఉన్న దూలం కొనల దగ్గర చేరుతుంది. దూలం మధ్యలో ఎంత గట్టిగా కనిపించినా, చచ్చేది ఎప్పుడూ గోడలోని ఆ జానెడు కొనే. తారు పూతలకూ ఇదే వర్తిస్తుంది. పగిలిన పలకలు తీసి, సందులను సున్నం, ఇటుక పొడి కలిపిన మిశ్రమంతో నింపి, పిట్టగోడ మూలల్లో అదే గచ్చుతో ఏటవాలు కట్టించడం సరైన వైద్యం. ఇది చూడటానికి చిన్న పని, ఓపిక కావలసిన పని.

దూలాల కొనలను మీరే పరీక్షించవచ్చు. నిచ్చెన వేసుకుని, దూలం గోడలోకి వెళ్లే చోట పదునైన పొడవాటి స్క్రూడ్రైవరుతో గట్టిగా గుచ్చండి. మంచి టేకులో అది రెండు మూడు మిల్లీమీటర్లకు మించి దిగదు. అంగుళం దిగితే లోపల పుచ్చిందని గుర్తు. తర్వాత చిన్న సుత్తితో పొడవునా తట్టుతూ వెళ్లండి. శబ్దం ఎక్కడ మారుతుందో అక్కడ సుద్దతో గీత పెట్టి, ఏ దూలానికి ఏ గుర్తు ఉందో కాగితం మీద రాసుకోండి. చెడిన కొనకు మొత్తం దూలం మార్చనక్కర్లేదు. చెడిన ముక్క కోసి, ఆరిన పాత టేకును అతికి, రెండు పక్కలా పలకలు బిగించవచ్చు. మన ఊళ్లో ఆ పలకలు, బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువే కావాలి, మామూలు ఇనుము ఈ గాలికి నిలవదు. ఈ పనిని ఇంజనీరు లెక్క లేకుండా, దూలం కింద ఊతగడలు పెట్టకుండా చేయించకండి.

మేస్త్రీలను ఎక్కడ పట్టుకోవాలి అన్నది మీ అసలు ప్రశ్న. కూలీల అడ్డాలో సున్నం మేస్త్రీ దొరకడు. గుళ్లు బాగుచేసేచోట దొరుకుతాడు. చుట్టుపక్కల ఎక్కడ పాత గుడిగానీ, పాత చర్చిగానీ, పాత బడిగానీ బాగుచేస్తున్నారని తెలిస్తే అక్కడికి వెళ్లి, గచ్చు పని చేస్తున్నది ఎవరో చూడండి. నాకు దొరికిన పెద్దమేస్త్రీ అలా దొరికినవాడే. అప్పటికి ఆయనకు డెబ్బై దాటాయి, పరంజా ఎక్కలేడు. కుర్చీ వేసి కూర్చోబెడితే, ఇద్దరు కుర్రవాళ్లకు చెప్పి చేయించాడు. కూలి ఆయనకు ఇచ్చినంతా మాటకే, చేతికి కాదు. ఇలాంటివారు మీకు తారసపడితే పని చేయలేరని వదులుకోకండి. ఎవరినైనా కుదుర్చుకునే ముందు, వెనుక గోడ మీద మూడు అడుగుల మేర నమూనా పూయించి, మూడు వారాలు ఆగి చూడండి. బీటలు వేసిందా, గోటితో గీస్తే రాలుతోందా అన్నదే ఆయన చదువుకున్న పత్రం.

సామగ్రి విషయంలో సున్నమే ప్రధానం. పల్నాడులోని పిడుగురాళ్ల సున్నానికి పేరున్న ఊరు, రాళ్ల సున్నం అక్కడినుంచి తెప్పించుకోవచ్చు. సంచుల్లో దొరికే పొడి సున్నం చాలాకాలం నిల్వ ఉంటే గాలి పీల్చుకుని చచ్చిపోతుంది, అది వెల్లకు కూడా పనికిరాదు. రాళ్ల సున్నం తెచ్చి, తొట్టిలో నీళ్లలో వేసి చల్లార్చి, జల్లెడ పట్టి, నీళ్ల కింద కనీసం నెలరోజులు మగ్గబెడితే వెన్నలాంటి ముద్ద వస్తుంది. చల్లార్చేటప్పుడు అది సలసల మరుగుతుంది, ఒక్క చుక్క కంట్లో పడితే చూపు పోగలదు. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా ఎవరినీ దగ్గరికి రానివ్వకండి, పిల్లలను అసలే రానివ్వకండి. ఒక పాలు ముద్దకు మూడు పాళ్లు ఇసుక అన్నది మొదలుపెట్టడానికి మంచి లెక్క, అందులో కొంత ఇసుకకు బదులు బాగా కాలిన ఇటుకల పొడి కలిపితే చెమ్మచోట కూడా గట్టిపడుతుంది. మీ పాత పూత లెక్క తెలుసుకోవాలంటే, నిమ్మకాయంత పెల్లను తూచి, ఆరుబయట పలుచటి యాసిడ్ నీళ్లలో వేయండి. సున్నం పొంగి కరిగిపోతుంది, మిగిలిన ఇసుక కడిగి ఆరబెట్టి తూస్తే మీ తాతగారి మేస్త్రీ ఎంత పాలు కలిపాడో ఇంచుమించుగా తెలుస్తుంది. ఆ ఇసుక రంగు, గరుకుదనం చూసి అలాంటిదే వెతకండి.

రెండు హెచ్చరికలు మన ఊరికే ప్రత్యేకం. సముద్రపు ఇసుకను దేనికీ వాడనివ్వకండి. ట్రాక్టరువాడు నది ఇసుకే అంటాడు, చిటికెడు నాలుకమీద వేసుకుంటే నిజం తెలుస్తుంది. అలాగే తీరానికి దగ్గరగా ఉన్న బోరునీళ్లలో ఉప్పు ఉండవచ్చు కాబట్టి, కలపడానికీ తడపడానికీ కుళాయి నీళ్లే వాడించండి. బయట ఉన్న ఉప్పును తగ్గించడానికి ఇన్ని తంటాలు పడుతూ, లోపలికి మనమే ఉప్పు కలపడం ఏ లెక్క?

ఇల్లు పునాదిలో ఉన్నది బహుశా ఇక్కడి కొండరాయే. మన చుట్టుపక్కల కొండలు ఎక్కువగా ఖోండలైటు, తూర్పు కనుమల్లో నివసించే ఖోండుల పేరుతో భూగర్భ శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు అది. చెక్కడానికి వీలుగా ఉంటుంది గానీ, తడిలో కాలక్రమేణా మెత్తబడి ఎర్రమన్నుగా మారే గుణం దానికి ఉంది. అందుకే సందులను సిమెంటుతో పాయింటింగ్ చేయిస్తే రాయి ముందు పోయి, సిమెంటు గీతలు గూళ్లలా మిగులుతాయి. అక్కడ కూడా సున్నమే.

వసారా పెంకుల పని మీరు అనుకున్నంత కష్టం కాదు. మనవాళ్లు బెంగుళూరు పెంకులు అనేవి నిజానికి మంగళూరు పెంకులు, 1865లో బాసెల్ మిషన్ వారు అక్కడ మొదటి ఫ్యాక్టరీ పెట్టారు. ఒక చదరపు మీటరుకు సుమారు 15 పెంకులు పడతాయి. ఒక ఫ్యాక్టరీ పెంకు అంచు మరో ఫ్యాక్టరీ పెంకు గాడిలో సరిగా కూర్చోదు కాబట్టి, మీ పెంకు ఒకటి సంచిలో వేసుకుని కూల్చిన ఇళ్ల సామాను అమ్మే చోట్లకు తీసుకువెళ్లి పక్కన పెట్టి చూడండి. పాత టేకు దూలాలు, రీపర్లు, ఇత్తడి గడియలు, రంగు అద్దాల తలుపులు కూడా ఆ అడితుల్లోనే దొరుకుతాయి. దూలం కొనేటప్పుడు మేకుల రంధ్రాలు చూసి బేరమాడండి, చెదల దారులు చూసి వదిలేయండి. (తలుపుల పిడుల కోసం నేను ఏటికొప్పాక వరకూ వెళ్లాను. అక్కడివారు తిప్పే అంకుడు కర్ర చిన్న పిడులకు ముచ్చటగా ఉంది గానీ, మెట్ల కటకటాలకు మెత్తన.)

పాత తలుపుల రంగు విషయం తేలికగా తీసుకోకండి. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్లలో 90కి మించకూడదన్న నియమం మన దేశంలో 2017లోగానీ అమల్లోకి రాలేదు. అంతకుముందు వేసిన పొరల్లో సీసం ఉందనే అనుకుని పనిచేయించాలి. మంటతో కాల్చడం, పొడిగా ఉప్పుకాగితం పట్టడం వద్దు. తడిపి గీకి, గీకిన పొట్టును సంచిలో కట్టించండి. చెదలకు, బయట నేలలో వేసే మందు పని అనుమతి ఉన్నవారిచేతే చేయించి, లోపలి కలపకు మాత్రం బోరాక్స్, బోరిక్ ఆసిడ్ కలిపిన నీళ్లు రెండు మూడు పూతలు పట్టిస్తే చాలు. పాత కరెంటు తీగలన్నీ ప్రశ్న లేకుండా మార్చించండి.

ఇంటి కాగితాల సంగతి ఒక మాట. ఒక్క రూపాయి ఖర్చుపెట్టకముందే సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఈసీ (ఆస్తిమీద నమోదైన లావాదేవీలు చూపే పత్రం) తీయించి, వాటా మీ పేరున స్పష్టంగా ఉందో లేదో చూసుకోండి. ఉమ్మడిగా ఉంటే మిగిలినవారి సంతకాలతో ఒప్పందం రాసుకోండి, కప్పు బాగుపడ్డాక వచ్చే తగాదాలు కారే కప్పు కంటే ఎక్కువ ఖరీదు. వన్‌టౌన్ సందుల్లో ఉమ్మడి గోడలు మామూలు. పక్కవారు తమ భాగం పడగొట్టి పునాదికి లోతుగా తవ్వితే మీ గోడ కూర్చుంటుంది కాబట్టి, ఇప్పుడే ఆ గోడ ఫొటోలు తేదీతో తీసి ఉంచండి. బీటల మీద అడ్డంగా సన్నని గాజు ముక్క అతికించి తేదీ రాయండి, గాజు పగిలితే గోడ ఇంకా కదులుతోందని అర్థం.

పూత, వెల్ల, పెంకులు మార్చడం వంటి మరమ్మతులకు ప్లాను అనుమతి సాధారణంగా అడగరు. కప్పు విప్పినా, గోడ తీసినా అడుగుతారు. మీ వార్డు సచివాలయంలోని ప్లానింగ్ కార్యదర్శిని కలిసి, చేయబోయే పని కాగితం మీద రాసి ఇచ్చి అందినట్లు సంతకం తీసుకోండి. కేంద్ర రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన మరో రెండు వందల మీటర్ల వరకూ అనుమతి తప్పనిసరి అన్న నిబంధన 2010 నుంచి చట్టంలోనే ఉంది. పాత ఇల్లు కొనాలనుకునే మిగతావారు కూడా ఇది గుర్తుపెట్టుకోవాలి.

డబ్బు సహాయం విషయంలో మీకు ఆశపెట్టే మాట చెప్పలేను. జాబితాలో లేని సొంత ఇంటికి ప్రభుత్వ గ్రాంటు తెచ్చుకున్నవారు నాకు ఒక్కరూ తారసపడలేదు. బ్యాంకులు ఇంటి మరమ్మతులకు అప్పు ఇస్తాయి. పాత పన్ను విధానంలో ఉన్నవారికి, తాము ఉంటున్న ఇంటి మరమ్మతు అప్పు వడ్డీ మీద ఏడాదికి 30,000 రూపాయల వరకూ మినహాయింపు ఉంటుంది. మీ ఆడిటరును అడిగి నిర్ణయించుకోండి. ప్రతి బిల్లూ దాచండి, రేపు అమ్మవలసివస్తే ఇంటిని మెరుగుపరచిన పెద్ద పనుల ఖర్చు లాభం లెక్కలో కలవవచ్చు. నా పద్ధతి ఏమిటంటే, వేసిన అంచనాలో నాలుగో వంతు పక్కన పెట్టి, అది లేదనే అనుకుంటాను. పాత ఇంట్లో పూత చెక్కేదాకా ఏమి బయటపడుతుందో మేస్త్రీకీ తెలియదు.

పని వరుస విషయంలో మాత్రం రాజీపడకండి. ఈ జూన్ లోపల తూములు, పిట్టగోడ మూలలు, పెంకులు. వర్షాకాలమంతా ఇల్లు చూస్తూ ఉండడం, ఎక్కడ తడుస్తోందో ఫొటోలు తీయడం. అక్టోబరు, నవంబరు తుపానుల కాలం దాటాక, డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకూ సున్నపు పూత, ఎందుకంటే సున్నం నెమ్మదిగా ఆరుతూ గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని గట్టిపడాలి. మే నెల ఎండలో పూస్తే అది పిండిగా ఎండిపోతుంది. పూసిన గోడలకు తడి గోనెపట్టాలు కట్టి కనీసం వారం రోజులు తడపాలి. రంగు అన్నిటికన్నా చివర, అది కూడా వెల్లే.

ఈ నెలలో చేయవలసినవి రెండే: మిద్దె ఎక్కి తూములు శుభ్రం చేయించడం, నిచ్చెన ఎక్కి దూలాల కొనలు గుచ్చి చూడటం. ఎన్ని దూలాల్లో స్క్రూడ్రైవరు ఎంత లోతు దిగిందో, దూలాలు అన్నీ కలపవేనా, మధ్యలో ఎక్కడైనా ఇనుప దూలాలుగానీ రైలు పట్టాలుగానీ వాడారా అన్నది ఇక్కడే రాయండి. ఇనుము ఉంటే, తుప్పు ఉబ్బి ఇటుకలను నెట్టుతూ ఉంటుంది. అప్పుడు కప్పు గురించి పైన చెప్పినదాంట్లో కొంత మార్చి చెప్పవలసి వస్తుంది.